పోపు ఒక్కటే మిగిలేలా: ఇంటి వంటను ఫ్రీజర్‌లో నిల్వ చేసుకోవడం ఎలా

సాయంత్రం ఏడు గంటలకు ఇల్లు చేరి, ఎనిమిదికల్లా నలుగురికి వేడి వేడి భోజనం వడ్డించాలంటే ఆలస్యం చేసే పనులు కొన్నే ఉంటాయి. కందిపప్పు మెత్తగా ఉడకాలి. చింతపండు నానాలి. ఉల్లిపాయలు ఎర్రగా వేగి, టమాటాలు మగ్గి, నూనె పైకి తేలాలి. శనగలైతే ముందురోజు రాత్రే గుర్తుపెట్టుకుని నానబోయాలి. ఈ పనులన్నీ తీరిక ఉన్న రోజు ఎక్కువ మొత్తంలో చేసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, పని రోజున మిగిలేది పోపు వేసి ఉప్పు, కారం సరిచూసుకునే పావుగంట పని.

అందుకే పూర్తిగా తయారైన కూరలతో ఫ్రీజర్ నింపమని నేను సలహా ఇవ్వను. శ్రమ ఎక్కువగా ఉన్న భాగాన్ని గడ్డకట్టించండి, రుచినిచ్చే చివరి భాగాన్ని ఆ పూటే చేయండి. ఆవాలు చిటపటలాడి, ఇంగువ, కరివేపాకు నూనెలో పడినప్పుడు వచ్చే వాసన నెల రోజులు చల్లదనంలో ఉంటే తగ్గిపోతుంది. పప్పు మాత్రం పోపు పడకముందు ఎలా ఉందో అలాగే ఉంటుంది. నెల తర్వాత తీసినా, తాజా పోపు పడ్డాక అప్పుడే దించిన పప్పులాగే తినవచ్చు.

నిల్వ వంట అనగానే ఇంట్లో పెద్దలు అభ్యంతరం చెబుతారు. బయట ఉంచిన నిన్నటి కూర మన ఎండలకు ఏమవుతుందో చూసినవాళ్లు వాళ్లు, కాబట్టి ఆ జాగ్రత్తను గౌరవించాల్సిందే. అయితే వేసవిలో వడియాలు, వరుగులు ఎండబెట్టి, ఆవకాయ కలిపి, ఆ శ్రమను ఏడాది పొడవునా వాడుకున్నదీ వాళ్లే. వాళ్లు ఎండను, ఉప్పును, నూనెను నమ్ముకున్నారు, మనం చలిని నమ్ముకుంటున్నాం. చలికీ కొన్ని నియమాలున్నాయి. వాటిని కచ్చితంగా పాటించకపోతే పెద్దల భయం నిజమవుతుంది.

ముందుగా మీ ఫ్రీజర్ ఎలాంటిదో చూడండి

వండిన పదార్థాలను నెలల తరబడి ఉంచడానికి ఫ్రీజర్ లోపల మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆ చలిలో సూక్ష్మజీవులు పెరగలేవు. కానీ అవి చచ్చిపోవు, కరిగిన వెంటనే మళ్లీ పని మొదలుపెడతాయి. ఇక ముందు చెప్పబోయే జాగ్రత్తలన్నింటికీ ఈ ఒక్క విషయమే కారణం.

రెండు తలుపుల ఫ్రిజ్‌లలో పైనో కిందో విడిగా ఉండే ఫ్రీజర్ సాధారణంగా ఆ చలిని అందుకుంటుంది. ఒకే తలుపు ఉన్న ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న గదిని మాత్రం గుడ్డిగా నమ్మకండి. కొన్ని ఫ్రిజ్‌ల ఫ్రీజర్ తలుపు మీద నక్షత్రాల గుర్తులు ఉంటాయి. కరెంటు ఆదాను తెలిపే నక్షత్రాలు వేరు, ఇవి వేరు. ఒక నక్షత్రం ఉంటే మైనస్ 6 డిగ్రీలు, అందులో గడ్డకట్టినవి వారం రోజులే ఉంచాలి. రెండుంటే మైనస్ 12, ఒక నెల. మూడుంటే మైనస్ 18, మూడు నెలలు. గుర్తులేమీ లేకపోతే ఫ్రీజర్‌లో పెట్టే చిన్న థర్మామీటరు కొనండి. లేదా ఐస్‌క్రీమ్ పెట్టి చూడండి. మరుసటి రోజుకు కూడా అది చెంచా దిగనంత గట్టిగా లేకపోతే, మీ ఫ్రీజర్‌లో వారం రోజుల వంట మాత్రమే పెట్టుకోండి. అదీ తక్కువేమీ కాదు.

గోడలకు వేలెడు మందాన మంచు పేరుకుని ఉంటే ముందు దాన్ని కరిగించండి. కత్తితో పొడవకండి, లోపలి గొట్టానికి చిల్లు పడితే ఫ్రిజ్ మొత్తం పాడవుతుంది.

ఏ గిన్నెలు, ఏ కవర్లు

కొత్తగా కొనాల్సింది చాలా తక్కువ. ఫ్రీజర్‌కు పనికొచ్చే మందపాటి జిప్ కవర్లు, రెండు ఐస్ ట్రేలు, ఒక మాస్కింగ్ టేపు చుట్ట, చెరగని మార్కర్ పెన్ను ఉంటే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలు బాగా పనికొస్తాయి. మూత బిగుసుకుపోతే డబ్బాను కాసేపు చల్లటి నీళ్లలో ఉంచితే వస్తుంది. వాటిని మైక్రోవేవ్‌లో పెట్టకూడదన్నది గుర్తుంచుకోండి. గాజు సీసాలను అంచు దాకా నింపకండి. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి గాజు పగులుతుంది. ఏ డబ్బాలోనైనా పైన రెండు వేళ్ల మందం ఖాళీ వదలండి. పులుపు ఉన్న గోంగూర, చింతపండు, టమాటా వంటలను అల్యూమినియం గిన్నెల్లో గానీ రేకుల్లో గానీ ఉంచకండి.

స్థలం తక్కువగా ఉన్నవాళ్లకు జిప్ కవర్లే మేలు. సగం నింపి, గాలి మొత్తం బయటకు నొక్కి, జిప్ వేసి, పళ్లెం మీద పలచగా పరిచి గడ్డకట్టించండి. గట్టిపడ్డాక పుస్తకాల్లా నిలబెట్టి వరుసగా పేర్చుకోవచ్చు. పలచగా ఉన్నది త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది. లోతైన డబ్బాలో గడ్డకట్టిన కూర మధ్యభాగం కరగడానికి రాత్రంతా పడుతుంది.

మొదటి రోజు ఏం వండాలి

మొదటిసారే పది రకాలు తలపెట్టకండి. కింద చెప్పిన వాటిలో పప్పు, ఉల్లి-టమాటా ముద్ద, శనగలు, ఈ మూడూ చేస్తే చాలు. శనివారం రాత్రి అర కిలో కాబూలీ శనగలు నానబోయండి. ఆదివారం ఉదయం ఉల్లిపాయలు తరగడం ఇంట్లో అందరి పనీ కావాలి. రెండు కిలోల ఉల్లిపాయలు ఒక్కరే తరిగితే ఈ పద్ధతి మీద రెండో వారానికే విరక్తి పుడుతుంది. తరగడం అవగానే ఒక పొయ్యి మీద బాణలి, మరో పొయ్యి మీద కుక్కర్ పెట్టండి. బాణలిలో ముద్ద తయారవుతుండగా కుక్కర్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా రెండు విడతల పప్పు, ఒక విడత శనగలు ఉడికించుకోవచ్చు.

పప్పు కొలత ఇది. ఐదు లీటర్ల కుక్కర్‌లో ఒకసారికి అర కిలో కందిపప్పు, ఒకటిన్నర లీటరు నీళ్లు. పప్పులు పొంగుతాయి కాబట్టి నీళ్లతో కలిపి కుక్కర్ సగానికి మించకూడదు. మించితే నురుగు వెళ్లి ఆవిరి గొట్టానికి అడ్డుపడుతుంది. కడిగిన పప్పును అరగంట నాననిచ్చి, పసుపు, ఒక చెంచా నూనె వేసి మెత్తగా ఉడికించండి. ఉప్పు వేయకండి. ఆవిరి పోయాక గరిటెతో మెదిపి, నలుగురికి ఒక పూటకు సరిపడా కవర్లలో నింపండి. కిలో పప్పుకు ఐదారు పూటలు వస్తాయి.

ఈ ఒక్క ముద్ద నుంచి ఎన్ని దారులు తెరుచుకుంటాయో చూడండి. రెండు టమాటాలు, పచ్చిమిర్చి మగ్గించి కలిపితే టమాటా పప్పు. పాలకూర వేస్తే పాలకూర పప్పు. దోసకాయ, సొరకాయ, వేసవిలో పుల్ల మామిడికాయ, ఏది దొరికితే దాన్ని విడిగా ఉడికించి కలపవచ్చు. చింతపండు పులుసు, మునక్కాడ ముక్కలు, రసం పొడి లేదా సాంబారు పొడి కలిపితే పప్పుచారు, సాంబారు. ఏమీ లేని రోజు ఉప్పు కలిపి నెయ్యితో ముద్దపప్పు, పక్కన ఆవకాయ. పప్పు ఉడికించే పని ఎన్నిసార్లు చేస్తున్నామో లెక్కపెడితే, మన ఇళ్లలో ఫ్రీజర్ మొదటి అరను పప్పుకే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

కరిగిన పప్పు గట్టిగా, కాస్త విడిపోయినట్టు కనిపిస్తుంది. అర గ్లాసు మరిగే నీళ్లు పోసి గరిటెతో కలిపి మరిగిస్తే మళ్లీ కలిసిపోతుంది.

ఉల్లి-టమాటా ముద్దకు రెండు కిలోల ఉల్లిపాయలు, ఒకటిన్నర కిలోల టమాటాలు, 150 గ్రాముల అల్లం వెల్లుల్లి ముద్ద, పావు లీటరు నూనె తీసుకోండి. మందపాటి అడుగున్న వెడల్పాటి బాణలిలో ఉల్లిపాయలను మధ్యస్థ మంట మీద ఎర్రగా వేయించండి. ఇంత మొత్తానికి నలభై నిమిషాలు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువే పడుతుంది. తొందరపడి మంట పెంచితే అంచులు మాడి ముద్ద చేదెక్కుతుంది. అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక టమాటాలు వేసి నీరంతా ఇగిరి నూనె తేలేదాకా ఉంచండి. పసుపు తప్ప మసాలాలేవీ వేయకండి. లవంగాలు, మిరియాల ఘాటు ఫ్రీజర్‌లో పెరిగి చేదుగా మారే అవకాశం ఉంది, గరం మసాలాను ఎలాగూ చివర్లోనే వేయాలి. ఈ కొలతకు ఒక్కో కప్పు చొప్పున ఏడెనిమిది కవర్లు వస్తాయి. ఒక కప్పు ముద్ద అర కిలో కోడి మాంసానికి, లేదా నలుగురు తినే శనగల కూరకు, పనీర్ కూరకు, కోడిగుడ్ల కూరకు సరిపోతుంది.

ఈ ముద్దకు ఇంకో లాభం ఉంది. టమాటా ధర స్థిరంగా ఉండదు. మదనపల్లె మార్కెట్లో రైతు పారబోసే స్థాయికి పడిపోయిన నెలలు ఉన్నాయి, 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిపోయిన రోజులూ ఉన్నాయి. రైతు బజారులో పండు టమాటా చవకగా, రాశులుగా కనిపించిన వారం ఈ ముద్దకు సరైన సమయం.

శనగలు, రాజ్మా, అలసందలు ఉడికాక మెత్తబడాలి కానీ చితకకూడదు. ఉడికిన నీళ్లతో సహా డబ్బాల్లో పోయండి. నీళ్లు లేకపోతే గింజలు ఎండిపోయి తోలు విడిపోతుంది. రాజ్మాను మాత్రం నానిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో బాగా మరిగించి ఉడికించాలి. సరిగ్గా ఉడకని రాజ్మా కడుపును ఇబ్బంది పెడుతుంది.

తర్వాతి వారాలకు

గోంగూర గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. ఆకులు కడిగి, నీడలో తడి ఆరనిచ్చి, నూనెలో పచ్చిమిర్చితో కలిపి ముద్దయ్యే వరకు మగ్గించండి. రెండు పెద్ద కట్టలు కలిసి గుప్పెడు ముద్ద అవుతాయి, అంటే ఫ్రీజర్‌లో అది పట్టే చోటు చాలా తక్కువ. అదే ముద్దతో పప్పు చేసుకోవచ్చు, మటన్ కూరలో వేసుకోవచ్చు, రొయ్యలతో వండుకోవచ్చు. అమెరికాలో వేసవిలో పెరట్లో గోంగూర పెంచుకునే తెలుగువాళ్లు చలికాలానికి ఇలా దాచుకుంటే మంచు పడే రోజుల్లో కూడా గోంగూర పప్పు తినవచ్చు. పచ్చి ఆకులను నేరుగా గడ్డకట్టిస్తే కరిగాక నల్లబడి జారిపోతాయి. మగ్గించి దాచడమే దారి.

అర కిలో చింతపండును వేడి నీళ్లలో నానబెట్టి చిక్కగా గుజ్జు తీసి ఐస్ ట్రేలలో పోయండి. గట్టిపడ్డాక ముక్కలు తీసి కవరులో వేసుకుంటే, రెండు ముక్కలు కలిపి ఇంచుమించు నిమ్మకాయంత చింతపండుకు సమానం. అల్లం వెల్లుల్లి ముద్దను కొంచెం ఉప్పు, నూనె కలిపి ఇలాగే చేయండి. తురిమిన పచ్చికొబ్బరిని పలచగా పరిచి గడ్డకట్టిస్తే కావలసినంత విరుచుకోవచ్చు. ఇడ్లీ పిండి ఉన్న రోజు కొబ్బరికాయ కొట్టే పని ఉండదు.

గుత్తి వంకాయ కూరలో వంకాయలు ఫ్రీజర్‌కు పనికిరావు, మెత్తబడి రూపం పోతుంది. అందులో అసలు పని కూరడమూ కాదు, వేయించి నూరే ముద్ద. పల్లీలు, నువ్వులు, ధనియాలు, ఎండుకొబ్బరి, ఎండుమిర్చి వేయించి, ఉల్లిపాయ, చింతపండు కలిపి నూరిన ముద్దను రెండింతలు చేసి సగం దాచండి. పదిహేను రోజుల తర్వాత లేత వంకాయలు దొరికిన రోజు నాలుగు పక్షాలుగా చీరి, కూరి, నూనెలో వేయడమే మిగులుతుంది. కాకరకాయలకూ దొండకాయలకూ ఇదే ముద్ద వాడవచ్చు.

మాంసాహారం తినేవాళ్లకు మటన్ విషయంలో చాలా సమయం కలిసొస్తుంది. కిలో మటన్‌ను పసుపు, ఉప్పు, అల్లం వెల్లుల్లితో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఆ రసంతో సహా రెండు భాగాలుగా దాచండి. ఒక భాగం ఉల్లి-టమాటా ముద్దతో కూర అవుతుంది, రెండోది గోంగూర మటన్ అవుతుంది లేదా పులావులో పడుతుంది. కోడి కూరను పూర్తిగా వండి దాచినా బాగుంటుంది, కానీ అందులో బంగాళాదుంప వేయకండి. కొత్తిమీర, గరం మసాలా వేడి చేసినప్పుడే వేయండి. చేపల పులుసుకు మాత్రం ముక్కలు లేకుండా పులుసును మరిగించి దాచుకుని, చేపలు తెచ్చిన రోజు అందులో వేసి ఉడికించుకోవాలి. వండిన చేప ముక్క కరిగించి మళ్లీ మరిగించేసరికి విరిగిపోతుంది.

చపాతీలను పెనం మీద రెండు వైపులా అరనిమిషం లోపే, మచ్చలు పడకముందే తీసేయండి. బట్ట మీద పూర్తిగా ఆరాక ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ పెట్టి కవరులో వేయండి. కరిగించే పని లేదు, గడ్డగా ఉన్నదాన్నే వేడి పెనం మీద వేసి కాల్చుకోవచ్చు. ఇడ్లీలను ముందు పళ్లెంలో విడివిడిగా గడ్డకట్టించి తర్వాత కవరులో వేస్తే అంటుకోవు. వాటిని పది నిమిషాలు ఆవిరి మీద పెడితే మెత్తగా వస్తాయి. ఇడ్లీ పిండిని గడ్డకట్టిస్తే పులిసే శక్తి తగ్గుతుంది, కరిగించాక దోసెలకు వాడుకోవాలి. పులియబెట్టే అవసరం లేని పెసరట్టు పిండికి ఆ ఇబ్బంది లేదు.

ఉగాదికి బొబ్బట్లు చేసేవాళ్లు పూర్ణాన్ని వారం ముందే ఉడికించి దాచుకోవచ్చు. శనగపప్పు, బెల్లం కలిసిన పూర్ణం ఫ్రీజర్‌లో ఏమాత్రం మారదు. పండుగ రోజు ఉదయం పిండి కలిపి వత్తుకోవడమే.

వద్దనుకోవలసినవి

బంగాళాదుంప ముక్కలు పిండిపిండిగా, గుల్లగా మారతాయి. ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరులా సాగుతుంది. పెరుగు విరిగి నీళ్లు వదులుతుంది, అందుకని పెరుగన్నం, పెరుగు పచ్చడి, మజ్జిగ పులుసు దాచకండి. దోసకాయ, కీరా, ముల్లంగి పచ్చివి నీరుగారిపోతాయి. బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, ఏ వేపుడైనా కరకరలాడే గుణం పోయాక తినాలనిపించదు. వీటిని ఏ పూటకు ఆ పూట చేసుకోవడమే మంచిది.

అన్నం విషయంలో నా సలహా వేరు. నాలుగు గ్లాసుల బియ్యం ఉడకడానికి అరగంట చాలు, అందరూ కలిసి తినే ఇంట్లో అన్నం దాచాల్సిన అవసరం లేదు. ఒక్కరే ఉండేవాళ్లు దాచుకోదలిస్తే వండిన గంటలోపే పలచగా పరిచి చల్లార్చి కవర్లలో పెట్టండి. అన్నంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో గంటల తరబడి ఉంచితే అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని పొద్దున ఫ్రీజర్‌లో పెట్టి కాపాడుకోలేం.

చల్లార్చడం: అన్నింటికంటే ముఖ్యమైన మెట్టు

వంట పాడయ్యేది ఎక్కువగా ఫ్రీజర్‌లో కాదు, పొయ్యి దిగి ఫ్రీజర్‌లోకి వెళ్లే మధ్య సమయంలో. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు మధ్య ఉన్న వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండిన పదార్థం ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో వంటగది ఆ వేడిని ఉదయం పదింటికే దాటుతుంది.

పెద్ద గిన్నె నిండా ఉన్న పప్పు మూత పెట్టి వదిలేస్తే సాయంత్రానికి కూడా లోపల వెచ్చగానే ఉంటుంది. అందుకని దించిన వెంటనే వెడల్పాటి పళ్లేల్లోకి రెండు అంగుళాలకు మించని లోతులో పోయండి. పెద్ద బేసిన్‌లో చల్లటి నీళ్లు, ఉంటే ఐస్ ముక్కలు వేసి అందులో గిన్నె ఉంచి, మధ్యమధ్య గరిటెతో కలపండి, ఫ్యాను కింద పెట్టండి. వేడి తగ్గగానే కవర్లలో నింపి ముందు ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మూడు నాలుగు గంటల తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చండి. వెచ్చటి ప్యాకెట్లు నేరుగా ఫ్రీజర్‌లో పెడితే అప్పటికే గడ్డకట్టి ఉన్నవి అంచుల దగ్గర కరుగుతాయి.

చిన్న ఫ్రీజర్‌లో ఒకేసారి పది ప్యాకెట్లు కుక్కకండి. ఈ రోజు నాలుగు, రేపు నాలుగు పెట్టండి. నెమ్మదిగా గడ్డకట్టిన దానిలో మంచు పలుకులు పెద్దవిగా ఏర్పడి ముక్కలను చీలుస్తాయి, కరిగాక కూర నీళ్లోడుతుంది.

పేరు, తేదీ, మిగిలిన పని

గడ్డకట్టాక పప్పూ పూర్ణమూ ఒకేలా కనిపిస్తాయి. ప్రతి ప్యాకెట్ మీద, నింపకముందే, పేరు, తేదీ, ఎంతమందికి అన్నది రాయండి. దాని కింద ఇంకొక్క వరుస రాయమని గట్టిగా చెబుతున్నాను: చేయాల్సిన పని ఏం మిగిలిందో. "ఉప్పు వేయలేదు. అర గ్లాసు వేడి నీళ్లు, టమాటా, పోపు." "ఉప్పు ఉంది. గరం మసాలా చివర్లో." ఈ ఒక్క వరుస ఉంటే వంట రాదనే భర్తయినా, ఇంటర్ చదివే కొడుకైనా, కూతురైనా పావుగంటలో భోజనం సిద్ధం చేయగలరు. వంటగది భారం ఒక్కరి మీద పడకుండా ఉండాలంటే వంట ఎలా చేయాలన్నది ఒక్కరి తలలో మాత్రమే ఉండకూడదు.

ఊళ్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నల కోసం వండి పెట్టి వచ్చేవాళ్లకూ ఇదే ముఖ్యం. వాళ్ల ప్యాకెట్లు ఇద్దరికి ఒక పూటకు సరిపడేంత చిన్నవిగా ఉండాలి, అక్షరాలు కళ్లద్దాలు లేకుండా కనిపించేంత పెద్దవిగా ఉండాలి, మూతలు వాళ్ల చేతులకు తేలిగ్గా వచ్చేవి కావాలి. విదేశాల్లో పిల్లల దగ్గర కొన్ని నెలలుండి తిరిగి వెళ్లే ముందు ఫ్రీజర్ నింపి వెళ్లే అమ్మలకు నా మనవి కూడా ఇదే. డబ్బా మీద ఏం చేయాలో రాసి వెళ్లండి, లేకపోతే మీ చేతి వంట అడుగున పడి ఏడాది తర్వాత బయటపడుతుంది.

మైనస్ 18 డిగ్రీల దగ్గర పప్పు, శనగలు, ఉల్లి-టమాటా ముద్ద, పూర్ణం మూడు నెలలు రుచిగా ఉంటాయి. మాంసం కూరలకు రెండు నుంచి మూడు నెలలు. చపాతీలు, ఇడ్లీలు, అన్నం నెలలోపు వాడేయండి. ఇవి రుచికి సంబంధించిన గడువులు. గాలి తగిలి అంచులు తెల్లగా ఎండిపోయిన ముక్క ప్రమాదం కాదు, చప్పగా ఉంటుందంతే.

కరిగించడం, వేడి చేయడం

రేపటికి కావలసినది ఈ రాత్రే ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, అడుగున ఒక పళ్లెం పెట్టండి. మరచిపోతే గాలి చొరని ప్యాకెట్‌ను చల్లటి నీళ్లలో ముంచి ఉంచండి, పలచగా గడ్డకట్టినదైతే అరగంటలో వదులవుతుంది. అంత సమయమూ లేకపోతే బాణలిలో పావు గ్లాసు నీళ్లు పోసి, గడ్డను అందులో వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కరిగించండి. ఆఫీసుకు వెళుతూ ప్యాకెట్‌ను వంటగది గట్టు మీద పెట్టి సాయంత్రం వండుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. లోపల గడ్డగా ఉన్నా పైభాగం మధ్యాహ్నానికే గది వేడికి చేరుతుంది.

వేడి చేయడమంటే గోరువెచ్చగా చేయడం కాదు. మొత్తం కుతకుతలాడి, అడుగు నుంచి పై దాకా పొగలు రావాలి. 74 డిగ్రీలు దాటాలన్నది ప్రమాణం, మరిగితే అది దాటినట్టే. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఆపి కలిపి మళ్లీ పెట్టండి. ఒకసారి వేడి చేసింది ఆ పూటే తినేయాలి, మిగిలిందని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టవద్దు. ప్యాకెట్లు చిన్నవిగా కట్టమనడం అందుకే.

కరెంటు పోతే తలుపు తెరవకండి. విడిగా ఉండే ఫ్రీజర్ నిండుగా ఉంటే 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు చలిని నిలుపుకుంటుంది. ఫ్రిజ్ పైన ఉండే చిన్న గదికి ఆ వ్యవధి బాగా తక్కువ. ఊరికి వెళ్లేటప్పుడు ఒక కప్పు నీళ్లు గడ్డకట్టించి, దాని మీద రూపాయి నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. తిరిగి వచ్చాక నాణెం పైనే ఉంటే నిశ్చింత. అడుగున కనబడితే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. అప్పుడు మాంసం, పప్పు, అన్నం ఏవీ ఉంచుకోకండి, ఎంత శ్రమపడి చేసినవైనా సరే.

రెండో నెల నుంచి

ఫ్రీజర్ ఒకసారి నిండాక ప్రతి ఆదివారాన్నీ వంటగదికి ఇవ్వాల్సిన అవసరం లేదు. మంగళవారం పప్పు చేస్తుంటే రెండింతలు ఉడికించి, పోపు వేయకముందే సగం తీసి చల్లార్చండి. గుత్తి వంకాయ ముద్ద నూరుతుంటే ఇంకో గుప్పెడు పల్లీలు, నువ్వులు ఎక్కువ వేయించండి. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి లోపల ఏమున్నాయో రాసుకోండి. ఒకటి తీసినప్పుడు కొట్టివేయండి, ఒకటి పెట్టినప్పుడు అడుగున చేర్చండి. కొత్తవి వెనక్కి, పాతవి ముందుకు జరపండి. కాగితం మీద పప్పు రెండు ప్యాకెట్లకు తగ్గిందంటే, ఆ వారం కుక్కర్ పెట్టినప్పుడు ఇంకో అర కిలో నానబోయండి.